పూచీ గుటక

తెప్పలెక్కిన నలభై రెండో ఏడు, శ్రావణ శుద్ధ విదియ

పనులు: ఉప్పుచేప రెండు తట్టలు ఎండేశాను, మధ్యాహ్నం తిరగేశాను. తేటకుండలో ఉప్పు వడకట్టే పొర విప్పి సున్నపు తేటతో కడిగి బిగించాను. దక్షిణం మూల తాడు వదులైతే మా ఆయన చేత ముడి వేయించాను. నాచు పచ్చడి ఒక జాడీ. సైటుకు వచ్చిన ప్రశ్నలు ఐదు, జవాబు చెప్పినవి నాలుగు.

మిగిలినది ప్రశ్న కాదు, విన్నపం. కడలితీపి కంపెనీ వాళ్లు పంపారు. మొన్నటి తుఫానుకు పొరలు చిరిగిన తెప్పలకు వాళ్లు కొత్త పొరలు ఊరికే ఇస్తున్నారు. ఇప్పటికి సగం తెప్పలకు అందాయి. అందుకు బదులుగా మన తేటకుండ సైటులో కృతజ్ఞతల కింద తమ పేరు ఒక్క వరుస ఉంచమంటున్నారు. ఆ పేరు నొక్కితే వాళ్ల సైటు తెరుచుకోవాలట. కొత్త పొరను ఎలా కడగాలో అక్కడ రాసి పెడతారట.

ఒక్క వరుసే. కానీ పన్నెండు తెప్పల వాళ్లం, ఒడ్డు మీద మూడు వందల ఊళ్ల వాళ్లు ఈ సైటు చూసే ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసుకుంటాం. తేటకుండ ఎవరి సొత్తూ కాదు, దాని గుట్టు అంతా సైటులో విప్పి పెట్టి ఉంటుంది. అందుకే అక్కడ అమ్ముకునేవాడి పేరు పెట్టాలంటే ఎవరో ఒకరు పూచీ ఉండాలి. వాడి సరుకుతో తీసిన నీళ్లు పదిమంది ముందు తాగాలి. అది పూచీ గుటక. ఆ తర్వాత వరుస పక్కన పూచీదారు పేరు కూడా పడుతుంది. పూచీదారు చనిపోతే, ఇంకొకరు ముందుకొచ్చి వేలిముద్ర వేయకపోతే, ఆ వరుస దానంతటదే చెరిగిపోతుంది.

సైటు చూసుకునేది ముగ్గురం. నేను, నా తోడికోడలు సుగుణ, మూడో తెప్ప తాతారావు గారు. మా వసారాలోనే కూర్చున్నాం.

"వాళ్ల పొరలు వాడుకున్నాం. ఉప్పు తిని పేరు చెప్పకపోతే బాగుంటుందా?" అన్నారు తాతారావు గారు.

"పేరు చెబుదాం. లింకు ఎందుకండీ? కడిగే పద్ధతేదో మన పేజీలోనే రాసుకుందాం" అన్నాను.

"అడిగానక్కా" అంది సుగుణ. "నకలు ఎత్తకూడదట. వాళ్ల రాత వాళ్లదేనట. చదవాలంటే వాళ్ల గుమ్మం తొక్కాల్సిందేనట."

"వాళ్ల గుమ్మంలో ఇవాళ ముగ్గు ఉంటుంది, రేపు ముల్లు ఉంటుంది. మనకెలా తెలుస్తుంది?"

తాతారావు గారు పెద్దగా నవ్వారు. "మాణిక్యాంబా, నువ్వు పక్కింటి నుంచి తెచ్చిన తోడు కూడా వాసన చూసి వేసే రకం!"

"చూస్తాను. మా ఇంట్లో పెరుగు ఎప్పుడూ విరగలేదు."

మా మరిది సముద్రంలో పోయాక సుగుణా మేమూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. తొందర మనిషి. ఎవరైనా వెనకాడుతుంటే తను ముందుకు దూకుతుంది. "నేనుంటాను పూచీ" అని లేచింది. సాయంత్రం ఒకటో తెప్ప మీద అందరి ముందూ కొత్త పొర నీళ్లు తాగింది. "తియ్యగా ఉన్నాయా?" అని ఎవరో అరిచారు. "నీళ్లలా ఉన్నాయి" అంది. అందరూ నవ్వారు.


శ్రావణ బహుళ చవితి

పనులు: పీచు నానబెట్టాను. బొంతలు రెండు కుట్టాను. చేపలు ఎండాయి, కుండలో సర్దాను. ప్రశ్నలు పదకొండు, జవాబులు పదకొండు.

కంపెనీ మనిషి సోమలింగం లాంచీలో వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. వెంట తుపాకులతో నలుగురు. "సముద్రపు దొంగల కోసం, వదినగారూ" అన్నాడు. నేను అతనికి ఎప్పుడు వదిననయ్యానో తెలియదు.

పొరలకని ఇంటింటికీ ఒక డబ్బా నీలిపొడి ఊరికే పంచాడు. ఏడో తెప్పకు పొరలు ఇంకా అందలేదు గానీ పొడి మాత్రం అందింది. డబ్బా మీద పెద్ద అక్షరాలు: తేటకుండ సైటు మెచ్చిన సరుకు.

సుగుణ ఆ డబ్బా తీసుకుని లాంచీ దగ్గరికి నడిచింది. నేనూ వెళ్లాను.

"మెచ్చామని ఎవరన్నారు?"

"పేరు పెట్టారు కదమ్మా. మెచ్చకుండానే పెట్టారా?"

"కృతజ్ఞతలు అని పెట్టాం. అదీ పొరలకి. ఈ పొడి సంగతి మాకు తెలియదు, మేం తాగలేదు."

"పొడి సంగతి మా సైటులో మేం చెప్పుకుంటాం లెండి. మీ సైటు జోలికి రాము" అని, చుట్టూ ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగి, "థాంక్సు చెప్పి తిట్టే ఇల్లు ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. వాళ్లు నవ్వారు. సుగుణ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ అక్షరాల మీద రంగు పూయిస్తానని మాటిచ్చి వెళ్లాడు. పూయించలేదు. ఆ సాయంత్రం సుగుణ కంపెనీ లింకు తెరిచి చూసింది. సున్నపు తేటతోనే కడగమని ఉంది. ఊపిరి పీల్చుకుంది.


భాద్రపద శుద్ధ తదియ

పనులు: పొయ్యి వెలిగించాను. అంతే.

తెల్లవారి ఏడో తెప్ప మీద శంఖం ఊదారు. ఎవరైనా పోతే ఒకసారి ఊదుతారు. ఇవాళ ఆగలేదు. ఊదేవాడికి ఊపిరి అందక మధ్యలో తెగుతోంది, మళ్లీ మొదలవుతోంది.

వంతెన చెక్కల మీద పరుగెత్తాను. నిన్న వాళ్లకు పొరలు కడుక్కునే రోజు. కొత్త పొరలు లేవు, పాత ఈతపీచు పొరలే. అయినా మన సైటు తెరిచారు, కృతజ్ఞతల కింద పేరు కనిపిస్తే నొక్కారు. కంపెనీ పేజీలో సున్నపు తేట మాట లేదట. నీలిపొడితో కడగండి అని ఉందట. కొత్త పొరలకు మాత్రమే అన్న మాట ఎక్కడా లేదట. పొడి ఇంట్లోనే ఉంది. డబ్బా మీద మా సైటు పేరూ ఉంది. కడిగారు. ఆ పొడి పీచుకు పూసిన జిగురు తినేసి తాగే నీళ్లలోకి దిగిపోయింది.

నేను వెళ్లేసరికి పోయినవాళ్లను చెక్కల మీద వరుసగా పడుకోబెట్టారు. పెదాలు నీలం. ఏడో తెప్ప పైడితల్లి పిల్లలిద్దరూ పక్కపక్కన ఉన్నారు, పెద్దదాని కాలి మీద చిన్నదాని కాలు, నిద్రలో వేసుకున్నట్టే. ప్రాణం ఉన్నవాళ్లు రక్తం కక్కుతున్నారు. ఒక ముసలాయన గోళ్లు ఊడేదాకా చెక్కను గీరాడు. తొమ్మిది మంది అప్పటికే పోయారు. చూపు పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఎవరో అడిగారు. "ఆ పేరుకి పూచీ ఎవుళు?"

అందరూ నా వైపు చూశారు.

నేను పరుగెత్తాను. నా వెనక వంతెనలు దడదడలాడాయి. మా గుమ్మం చేరేసరికి వాళ్లూ చేరారు. సుగుణ రోట్లో కారం దంచుతోంది. జుట్టు పట్టి ఈడ్చారు. కారం కళ్లలో పడి అరిచింది. అది ఎందుకు అరుస్తోందో ఎవరికీ పట్టలేదు. పైడితల్లి దాని కుడిచెయ్యి రోటి అంచు మీద పెట్టించింది.

"ఈ సేత్తోనే గదే పేరు రాసినావు?"

రోకలి ఎత్తి వేసింది. రెండోసారి వేసింది. మూడోసారికి నేను పైడితల్లి నడుం పట్టుకుని వెనక్కి లాగాను. మోచేత్తో నా దవడ మీద కొట్టింది. మా ఆయన తెడ్డు తీసుకుని వచ్చి అడ్డొచ్చిన ఒకడి భుజం ఎముక విరగ్గొట్టాడు. వాళ్లు ఆయన్ను కింద పడేసి మూతి మీద తొక్కారు. తెప్పల పెద్ద శంఖం ఊదించకపోతే అక్కడే ముగిసేది. అందరూ కూర్చుని తీర్పు చెప్పకుండా చంపకూడదని కట్టడి. రేపు కూర్చుంటారు.

సుగుణ చెయ్యి కట్టు కట్టాను. బొటనవేలు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను. మా ఆయన నోట్లోంచి మూడు పళ్లు తీసి అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. "ఇక నాచు పచ్చడే గతి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.


భాద్రపద శుద్ధ చవితి

పనులు: గంజి కాచాను. సుగుణకు తాగించాను. కట్టు మార్చాను. రక్తం బట్టలు ఉప్పునీళ్లలో నానబెట్టాను. రోలు కడిగాను.

ఒకటో తెప్ప మీద అందరూ కూర్చున్నారు. సుగుణను నేనూ మా ఆయనా చెరో పక్క పట్టుకుని తీసుకెళ్లాం. పెద్ద తెర మీద మన సైటు తెరిచి, కంపెనీ పేరు నొక్కారు.

సున్నపు తేటతో కడగండి అని ఉంది.

జనం ఊళ పెట్టారు. "పొడి మాట ఏదే? సూపించు!" అని అరిచారు. కంపెనీ వాళ్లు ఆ మాట మార్చారు, జనం చచ్చాక మళ్లీ వెనక్కి మార్చారు. ఎప్పుడు మార్చారో చూపించడానికి ఏమీ లేదు. మన సైటులో ఒక చుక్క తీసేసినా ఎవరు తీశారు, ఏ రోజు తీశారు అని కింద పడుతుంది. వాళ్ల సైటులో నిన్న అనేదే ఉండదు. నకలు ఎత్తకూడదన్నారు, మేం ఎత్తలేదు. మాట మీద నిలబడ్డాం.

"మేం సదివినాం. మా కళ్లతో సదివినాం" అంది పైడితల్లి. ఆమె ఏడవడం లేదు. నిన్నటి చీరే కట్టుకుని ఉంది. "మారిస్తే మార్సినారు. అక్కడికి మమ్మల్ని పంపింది ఎవుళు? గుమ్మం కాడ నిల్సుని లోనకి ఎల్లమంది ఎవుళు?"

సుగుణ తల వంచింది.

తెప్పల పెద్ద చెప్పాడు. "ఏడో తెప్పకు గుటక బాకీ ఉంది. ఆ నీళ్ల కుండ వాళ్లు మూతపెట్టి ఉంచారు. రేపు ఎండ నడినెత్తికి వచ్చేసరికి, ఆ వరుస పక్కన పూచీగా ఎవరి పేరు ఉంటే వాళ్లు తాగాలి. ఇది ఎప్పటినుంచో ఉన్న మాట, నేను పుట్టించింది కాదు."

తాతారావు గారు లేచారు. మొహం పాలిపోయి ఉంది. "ముందు ఆ పేరు తీసేద్దాం. ఒడ్డు మీద ఊళ్లు ఇంకా చూస్తున్నాయి. ఇంకెంతమంది చావాలి?" అని తెర దగ్గరికి వెళ్లి వేలిముద్ర వేశారు. నేనూ వేశాను. బయటి పేరు తీయాలంటే ముగ్గురివీ పడాలి. సుగుణ కట్టు విప్పి ఆ మాంసం ముద్దను అద్దం మీద పెట్టాం. యంత్రం ఒప్పుకోలేదు. తుడిచి మళ్లీ పెట్టాం. ఒప్పుకోలేదు.

పైడితల్లి అది చూసింది. నిన్న తను రోకలితో నలగ్గొట్టింది ఏమిటో అప్పుడు ఆమెకు అర్థమైంది. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది.

"రూలు తర్వాత చూసుకుందాం. నేను లోపలికెళ్లి చేత్తో చెరిపేస్తాను" అని తాతారావు గారు యంత్రం మూత విప్పడం మొదలుపెట్టారు. కానీ మన సైటుకు ఇంకో మర్యాద ఉంది. ఎవరి పేరైనా తీయబోతే, మొదటి వేలిముద్ర పడగానే వాళ్లకు కబురు వెళ్తుంది. చెప్పకుండా తీయడం అన్యాయమని మేమే పెట్టుకున్నాం. దగ్గర్లోనే కాచుకుని ఉన్న లాంచీ చప్పుడు వినబడింది. తాతారావు గారు తల ఎత్తలేదు. తుపాకీ మనుషులు దిగీ దిగకుండానే కాల్చారు. మొదటి గుండు మెడలో తగిలింది. ఆయన చెయ్యి యంత్రంలోనే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు వాలింది. రెండో గుండు అక్కర్లేదు. అయినా కాల్చారు.

సోమలింగం చెక్కల మీద నెత్తురు తొక్కకుండా అడుగులు చూసుకుంటూ వచ్చాడు. "చూడండి. మూడు వందల ఊళ్లు ఆ వరుస చూసి మా సరుకు కొంటున్నాయి. దాని జోలికి ఎవరు వెళ్లినా ఇంతే. ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. లాంచీని తెచ్చి మా తెప్పకు కట్టేశారు.

మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చాడు. నలుగురూ వెనక ఉన్నారు. సుగుణ లోపల జ్వరంతో పడి ఉంది.

"వదినగారూ, మీ తోడికోడలు రేపు తాగుతుందట కదా."

"అవును."

"పోతుందంటారా?"

"తొమ్మిది మంది పోయారు."

"మీ రూల్సు ఇప్పుడే చదివాను. పూచీ మనిషి పోతే మా వరుస పోతుందట. అంటే ఆమె నాకు బతకాలి. మీకూ బతకాలి. మన ఇద్దరిదీ ఒకే బాధ" అని నవ్వాడు. "లాంచీ ఎక్కించండి. ఒడ్డుకు తీసుకుపోతాను."

"తీసుకుపోతే ఏడో తెప్ప వాళ్లు మా తాళ్లు కోస్తారు. మా తెప్ప మీద నలభై ఇళ్లున్నాయి."

"అది మీ గొడవ."

నేను చేతులు చీరకు తుడుచుకున్నాను. "పూచీ మార్చుకోవచ్చు. కొత్త పూచీదారు వేలిముద్ర, సైటు చూసేవాళ్లలో ఒకరి వేలిముద్ర. చాలు."

"ఎవరుంటారు?"

"మాలో ఎవరూ ఉండరు. మీ సరుకు, మీరే ఉంటే సరి."

తుపాకీ వాడొకడు, "సారు పేరు సైటులో పడుద్ది, పండగే" అన్నాడు. అందరూ నవ్వారు. సోమలింగం ఆలోచించాడు. అతను ఆలోచించింది ఆ వరుస గురించేనని నాకు అనిపించింది. ఒక పేరు, పక్కన ఇంకో పేరు. ఊరికే రాత. గుటక మాత్రం సుగుణదేననుకున్నట్టున్నాడు.

"పూచీ అంటే తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు వదినగారూ. సరుకు మంచిదని చెప్పడమేగా? రోజూ చెప్పే పనే."

తెర తెచ్చాను. పూచీ రాసుకునేటప్పుడు సాక్షుల ముందు మూడుసార్లు అడగాలి. అడిగాను.

"కడలితీపి పేరుకి పూచీ ఎవరు?"

"నేనే."

"కడలితీపి పేరుకి పూచీ ఎవరు?"

"సోమలింగం, నేనేనమ్మా."

"కడలితీపి పేరుకి పూచీ ఎవరు?"

"అబ్బ! నేనే, నేనే" అని వేలు నొక్కాడు. నేను నా వేలు నొక్కాను. సుగుణ పేరు పోయి అతని పేరు పడింది. మా ఆయన గోడకు ఆనుకుని, ఉబ్బిన మూతితో అంతా చూశాడు. వాళ్లు వెళ్లాక లేచి, పాత వల ఒకటి భుజాన వేసుకుని ఏడో తెప్ప వైపు వెళ్లాడు.


భాద్రపద శుద్ధ పంచమి

పనులు: ఏమీ చేయలేదు. నిన్నటి గంజే తాగాం.

పొద్దున్నే ఏడో తెప్ప ఈతగాళ్లు లాంచీ కిందికి ఈది రెక్కల చక్రానికి వల చుట్టేశారు. ఎండ నడినెత్తికి వస్తుండగా పైడితల్లి కుండ పట్టుకుని వచ్చింది. వెనక ఏడో తెప్పలో నడవగలిగినవాళ్లంతా. వాళ్లు మా ఇంటి ముందు ఆగకుండా లాంచీ వైపు వెళ్లడం చూసి సోమలింగం ఉలిక్కిపడ్డాడు. మర కదిలింది, ముక్కింది, ఆగిపోయింది.

"ఏంటిది? ఆ ఆడమనిషి ఇల్లు అటు!" అని అరిచాడు.

"నీ పేరే ఉంది. సదివినాం. మాకు సదువొచ్చు" అంది పైడితల్లి.

కాల్చారు. ముందు వరుసలో ఇద్దరు పడ్డారు. మూడోవాడు పడలేదు, పొట్ట పట్టుకుని నడుస్తూనే వచ్చాడు. లాంచీ అంచు మీదికి చేపలు పొడిచే బల్లేలు విసిరారు. తుపాకీ వాడొకడు గొంతులో బల్లెంతో నీళ్లలో పడ్డాడు. ఇంకొకణ్ని తెడ్లతో కొట్టారు, అతను లేవడం మానేశాక కూడా కొట్టారు. మిగిలిన ఇద్దరూ తుపాకులు పారేసి మోకాళ్ల మీద పడ్డారు. వాళ్లను ఎవరూ చూడలేదు. ఆ మోకాళ్లు దాటుకుని వెళ్లారు.

సోమలింగాన్ని మా తెప్ప చెక్కల మీదికి లాక్కొచ్చారు. తెల్ల చొక్కా చిరిగింది. నలుగురు కాళ్లూ చేతులూ పట్టారు. పళ్లు బిగించాడు. పైడితల్లి కుండ ఎత్తింది, సగం అతని గడ్డం మీద ఒలికింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఒలికింది. కుండలో ఇంకొక్క గుటకకే మిగిలింది.

అతని ముక్కు మూసింది నేను. పిల్లలకు ఆముదం పట్టేటప్పుడు ఎలా మూస్తామో అలాగే. అతను నా కళ్లలోకి చూశాడు. ఊపిరి కోసం నోరు తెరిచాడు. పైడితల్లి పోసింది.

గుటక దిగాక వదిలేశారు. అంతకు మించి ఎవరూ చెయ్యి వేయలేదు. కట్టడి గుటక వరకే. అతను వెల్లకిలా పడుకుని రొప్పాడు.

"రాసింది నేను కాదు" అన్నాడు నాతో. "పొడి మాట రాసిందీ తీసిందీ పై ఆఫీసు వాళ్లు. ఎవరో నాకే తెలియదు. నాకు కాగితం వస్తుంది, నేను అమ్ముతాను. వదినగారూ, నిజం."

నిజమే అయి ఉంటుంది. తాతారావు గారిని చంపించింది మాత్రం అతనే. పెదాలు నీలం తిరగడం మొదలైంది. మొదట తల్లిని పిలిచాడు, తర్వాత కనపడటం లేదన్నాడు. చెక్కల మీద చేతులతో తడుముకుంటూ లాంచీ ఎటని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలేసరికి పోయాడు.

నేను తెర తెరిచి కూర్చున్నాను. వైద్యం చేసే ముసలామె అతని మణికట్టు చూసి తల ఊపాక, మరణాల పేజీలో అతని పేరు ఎక్కించాను. కృతజ్ఞతల కింద కడలితీపి అన్న వరుస అలాగే ఉంది. నేను రెప్ప వేయలేదు. తర్వాత లేదు. ఎవరూ చెరపలేదు, దానంతటదే పోయింది. పన్నెండు తెప్పల్లో, మూడు వందల ఊళ్లలో ఒకేసారి పోయింది.


భాద్రపద శుద్ధ అష్టమి

పనులు: తాతారావు గారి తెప్పకు గంజి, చేప పంపాను. మా ఆయనకు మెత్తటి అన్నం. పొరలు సున్నపు తేటతో కడిగాను. సైటులో కొత్త రూలు రాశాను: బయటి సైటుకు లింకు ఇక ఉండదు. చెప్పాల్సింది ఉంటే వాళ్ల అనుమతితో మన పేజీలోకే ఎత్తి, రోజు వేసి రాయాలి. అనుమతి లేకపోతే ఆ మాటే లేదు. కబురు వెళ్లే మర్యాద అలాగే ఉంచాను. అది తీసేస్తే మనమూ వాళ్లూ ఒకటేనని మూడో తెప్ప వాళ్లు అన్నారు. ప్రశ్నలు నూట నాలుగు. అన్నిటికీ జవాబు ఇచ్చాను.

సుగుణకు జ్వరం తగ్గింది. ఏం జరిగిందో మా ఆయన చెప్పాడు. నా వైపు తిరిగి కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"నన్ను అడగలేదేం?"

"నువ్వు ఒళ్లు తెలియకుండా ఉన్నావు."

"తెలిసి ఉంటే అడిగేదానివా?"

నేను కట్టు సరిచేయబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను తాగేదాన్ని అక్కా."

"చచ్చేదానివి."

"చచ్చేదాన్ని. ఆ పిల్లలు నా పేరు చూసి తాగారు. వాడి పేరు చూసి కాదు. వాడికి పూచీ అంటే ఏంటో తెలుసా?"

"మూడుసార్లు అడిగాను."

"అది కాదు నేనడిగింది."

మధ్యాహ్నం తన వంటపాత్రలు ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి, వసారా అవతలి కొసకు చేర్చుకుంది. సాయం చేయబోతే వద్దంది. మూడు రాళ్లు పెట్టి వేరే పొయ్యి వేసుకుంది. గాలికి వెలగలేదు. నేను ఇటు నుంచి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి వెలిగింది.

అప్పుడే పైడితల్లి వచ్చింది. ఇంకా అదే చీర. గుమ్మం లోపలికి రాలేదు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. మంచినీళ్లు ఇచ్చాను. చెంబు చేతిలోకి తీసుకుని, నీళ్ల వైపు చూసి, కింద పెట్టేసింది.

"మీ ఇంటికీ మా తెప్పకీ ఇంకేటీ నేదు. అది సెప్పి పోదామని వొచ్చినాను" అంది. వసారా కొసన పొగలో ఉన్న సుగుణ వైపు చూసింది. సుగుణ లేచి నిలబడింది. పైడితల్లి వెళ్లిపోయింది.

ఏడో తెప్పకు మా ఇంటి బాకీ: గుటక ఒకటి. చెల్లు.